చంపే మాత్ర, పెంచే మాత్ర, మధ్యలో నేను

2025 ఉగాది రోజు మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పచ్చడి పంచుతుంటే అయిదారుగురు ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. పచ్చడి కోసం కాదు. "అక్కా, ఎంత సన్నబడ్డారు! ఏం చేస్తున్నారో మాకూ చెప్పొచ్చు కదా" అని. జనవరిలో 68 కిలోలున్న దాన్ని ఆ రోజుకి 61కి వచ్చాను. జాకెట్లన్నీ రెండు పక్కలా కుట్లు వేయించుకోవాల్సి వచ్చింది. అబద్ధమెందుకు, లోపల్లోపల మురిసిపోయాను కూడా. "గట్ రీసెట్ చేస్తున్నానమ్మా" అని గొప్పగా చెప్పాను. అందులో ముగ్గురు మా కోచ్ ఫోన్ నంబరు తీసుకున్నారు.

అప్పటికే నా పేగుల్లో క్షయ ఉంది. ఆ సంగతి నాకు తెలీదు.

క్షయ అంటేనే తరిగిపోవడం. బీఏ తెలుగు చదివిన దాన్ని, ఆ మాటకి అర్థం నాకు ఒకరు చెప్పాలా? కానీ నేను తరిగిపోతుంటే అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ ముగ్గురి ఇళ్లకీ తర్వాత వెళ్లి జరిగింది చెప్పాను. ఇన్నాళ్లూ ఇక్కడ ఎందుకు రాయలేదని అడుగుతున్న మీకు ఇప్పుడు చెబుతున్నాను. కాస్త కోపంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

మాది నల్లగండ్ల. మా వారిది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. అప్పటి నుంచి ఈ వైపు వంటిళ్ల గడియారాలు అమెరికా టైము చూసి నడుస్తున్నాయి. ఆయనకి కాల్స్ అయ్యేసరికి రాత్రి పది. అమ్మాయి చదువు, తిండి అర్ధరాత్రే. అందరికీ పెట్టి, గిన్నెలు సర్ది నేను తినేసరికి పదకొండు. పొట్ట ఉబ్బరం, పుల్లటి తేన్పులు, ఒక రోజు విరేచనాలు, రెండు రోజులు ఏమీ లేకపోవడం. ఇవి లేని ఇల్లు కొండాపూర్ నుంచి తెల్లాపూర్ దాకా ఉందంటే నేను నమ్మను. అందుకే 2024 అక్టోబరులో నాకు పొట్ట కుడివైపు కింద నొప్పి మొదలైనప్పుడు అదీ వీటిలో ఒకటే అనుకున్నాను.

ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాను. ఏ ఆస్పత్రో చెప్పను, అక్కర్లేదు. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చుంటే లోపల నాకు దక్కింది నాలుగు నిమిషాలు. "గ్యాస్ అమ్మా. మెనోపాజ్ కూడా దగ్గర పడుతోంది కదా, టెన్షన్ తగ్గించుకోండి." ఒక గ్యాస్ మాత్ర, ఒక నిద్ర మాత్ర రాసిచ్చారు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేదు.

తర్వాత ఒక స్నేహితురాలు ఈ కోచ్‌ని పరిచయం చేసింది. జూమ్‌లో నలభై అయిదు నిమిషాలు మాట్లాడింది. ఎప్పుడు తింటాను, ఏం తింటాను, మా అమ్మ పోయినప్పుడు ఎలా తట్టుకున్నాను, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది, అన్నీ అడిగింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నా నిద్ర గురించి అంత వివరంగా అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఆ నలభై అయిదు నిమిషాలకే నేను పడిపోయాను, మాత్రలకి కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ప్రోగ్రాం తొంభై రోజులు. పొద్దున ఓరెగానో నూనె క్యాప్సూల్, బెర్బెరిన్ మాత్ర. ఓరెగానో అంటే పిజ్జాతో వచ్చే చిన్న పొట్లంలోని ఆకే, దాని నూనె అన్నమాట. బెర్బెరిన్ మన మానుపసుపులో ఉండే పసుపుపచ్చని చేదు పదార్థం. ఈ రెండూ పేగుల్లోని చెడ్డ బాక్టీరియాని చంపుతాయట. రాత్రి పడుకోబోయే ముందు యాభై బిలియన్ల ప్రోబయోటిక్. అది మంచి బాక్టీరియాని పెంచుతుందట. "ముందు కలుపు పీకాలి, తర్వాత నాట్లు వేయాలి" అని చెప్పింది కోచ్.

మా అత్తయ్య ఖమ్మం జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ సోఫాలో కూర్చుని ఇదంతా విని, "నాట్లేశాక గదమ్మా కలుపు తీసేది? అయినా పొద్దున కలుపుమందు కొట్టి సాయంత్రం నారేస్తే ఆ నారు బతుకుద్దా? అసలు ఏది కలుపో, ఏది వరో చేలోకి దిగి చూసిందా ఆ పిల్ల?" అంది.

"అత్తయ్యా, ఇది సైన్సు" అన్నాను నేను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో సైన్సు ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కతే.

మంచం మీద ఉన్న నెలల్లో మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగతులు వెతికి చదివాను. మీకూ చెబుతాను, ఎందుకంటే "మూలికలన్నీ మోసం, ప్రోబయోటిక్‌లన్నీ మోసం" అని నేను అనడం లేదు. అలా అని చేతులు దులుపుకోవడం సులువే గాని నిజం కాదు.

1987లో బంగ్లాదేశ్‌లో బెర్బెరిన్ మీద ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. నీళ్ల విరేచనాలతో వచ్చిన 165 మంది పెద్దవాళ్ల మీద చేశారు. ఒక రకం ఈ.కోలై బాక్టీరియా వల్ల విరేచనాలు వచ్చినవాళ్లకి ఒక్క 400 మిల్లీగ్రాముల మోతాదుతో బాగా తగ్గాయి. కలరా వాళ్లలో మాత్రం అంత ఫలితం లేదు. చూశారా, అదే మందు, చూడ్డానికి అవే విరేచనాలు. లోపలున్న జబ్బు పేరు వేరైతే ఫలితం వేరు.

2014లో అమెరికాలో చిన్నపేగులో బాక్టీరియా అతిగా పెరిగినవాళ్ల రికార్డులు తీసి చూశారు. రిఫాక్సిమిన్ అనే యాంటీబయోటిక్ వాడిన 67 మందిలో 34 శాతం మందికి నయమైతే, మూలికల మందులు వాడిన 37 మందిలో 46 శాతం మందికి నయమైంది. కోచ్‌లందరూ చూపించే కాగితం ఇదే. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, ఆ 104 మందికీ ముందు శ్వాస పరీక్ష చేసి జబ్బు ఉందని తేల్చుకున్నారు, తర్వాత మళ్లీ అదే పరీక్ష చేసి పోయిందో లేదో చూశారు. పైగా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూసిన పరీక్ష కాదది.

ప్రోబయోటిక్ సంగతీ అంతే. మన దేశంలోనే ఒడిశా పల్లెటూళ్లలో పుట్టిన 4,500 మందికి పైగా పసిపిల్లల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. ఒకే ఒక రకం లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్, దానికి తిండిగా ఒక పీచు పదార్థం, వారం రోజులు ఇచ్చారు. రక్తంలో విషమెక్కే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం ఉండేవి 5.4 శాతానికి తగ్గాయి. 2017లో ఈ ఫలితాలు వచ్చాయి. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. అదే తర్వాతి ఏడాది ఇజ్రాయెల్‌లో ఆరోగ్యంగా ఉన్న కొందరికి యాంటీబయోటిక్ ఇచ్చి, ఆ తర్వాత పదకొండు రకాల ప్రోబయోటిక్ ఇచ్చి చూశారు. ఏమీ తీసుకోకుండా ఊరుకున్నవాళ్ల కంటే ప్రోబయోటిక్ మింగినవాళ్లలో సొంత బాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. అంటే ఖాళీ అయిన ఇంట్లోకి అద్దెవాళ్లు వచ్చి కూర్చుంటే ఇంటివాళ్లకి చోటు దొరకలేదు. చంపిన వెంటనే పెంచేది పోస్తే మంచిదేగా అనుకునేవాళ్లు దీన్ని ఒక్క క్షణం ఆలోచించాలి.

అసలు ప్రోబయోటిక్ అనేది ఒకే వస్తువు కాదు. పిల్లలకి విరేచనాలైతే మనందరం తాగించే ఎంటరోజెర్మినా బుడ్డిలో ఉండేది బాసిల్లస్ క్లాసీ, అదీ గింజలా గట్టి పెంకుతో ఉండే స్పోర్ల రూపంలో. సాకరోమైసెస్ బౌలార్డీ అనేది బాక్టీరియానే కాదు, ఈస్టు. 1920లలో ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పళ్ల తొక్కల నుంచి దాన్ని ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త వేరు చేశాడు. బాక్టీరియాని చంపే యాంటీబయోటిక్‌కి అది చావదు, బూజుని చంపే మందుకి చస్తుంది. యాకుల్ట్ చిన్న సీసాలో ఉండేది వేరొకటి. పక్కన ఏ మందు వేసుకుంటే ఏది బతుకుతుంది, ఏది చస్తుంది అనేది దేనికది తేల్చాల్సిన లెక్క. "ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోండి, సరిపోతుంది" అనే మాట అందరికీ ఒకే సైజు నైటీ అమ్మడం లాంటిది.

"మూలికలు ప్రకృతి సిద్ధం కదా, మంచి బాక్టీరియాని ఏమీ చేయవు, చెడ్డవాటినే చంపుతాయి" అని కోచ్ చెప్పింది. ఓరెగానో నూనెలో పనిచేసేవి కార్వక్రాల్, థైమాల్. థైమాల్ మన వాములో కూడా ఉంది, ఆ ఘాటు దానిదే. అవి సూక్ష్మజీవి పైపొరని దెబ్బతీస్తాయి. ఆ పొర మీద మంచి, చెడు అని రాసి ఉండదు కదా! నమ్మకం కుదరక నేనే ఒక పని చేశాను. రెండు గిన్నెల్లో అర గ్లాసు చొప్పున గోరువెచ్చని పాలు, ఒకే తోడు. ఒకదాంట్లో మిగిలిపోయిన క్యాప్సూల్స్ నాలుగు పిండాను. తెల్లారేసరికి ఒక గిన్నెలో గడ్డ పెరుగు. ఇంకొకదాంట్లో పాలు పాలలాగే ఉన్నాయి, ఘాటు వాసనతో. గిన్నె వేరు, పేగు వేరు. నాలుగు క్యాప్సూల్స్ ఒకేసారి ఎవరూ మింగరు. ఇది రుజువు అని నేను చెప్పను. కానీ ఆ నూనెకి మంచీచెడూ తెలుసు అని ఇంకెవరూ నా ముందు చెప్పొద్దు.

ఇంతకీ నా కోపం ఈ మాత్రల మీద కాదు. పైన చెప్పిన పరీక్షలు మళ్లీ ఒకసారి చూడండి. ఫలితం వచ్చిన ప్రతి చోటా మొదటి పని ఒకటే: ఎవరికి ఇస్తున్నాం, వాళ్లకి ఏం జబ్బు ఉంది లేదా ఏం రాబోతోంది, తగ్గిందని ఎలా తెలుస్తుంది. నా తొంభై రోజుల్లో ఈ మూడు ప్రశ్నలూ ఎవరూ అడగలేదు. రక్త పరీక్ష లేదు, మల పరీక్ష లేదు, బరువు ఎందుకు తగ్గుతోందన్న అనుమానం లేదు. "మీ గట్ ఇంబ్యాలెన్స్ అయింది" అన్నది. అది జబ్బు పేరు కాదు. కడుపులో బాగాలేదు అని మనం చెప్పిన మాటనే ఇంగ్లీషులో మనకి తిరిగి చెప్పడం.

డిగ్రీలో సమాసాలు చెప్పేటప్పుడు మా మాస్టారు అనేవారు, ద్వంద్వంలో రెండు పదాల అర్థానికీ ప్రాధాన్యం, బహువ్రీహిలో రెండింటికీ ఉండదు, మూడోదానికి ఉంటుంది అని. చంపే మాత్ర, పెంచే మాత్ర ద్వంద్వ సమాసం అనుకున్నాను. బహువ్రీహి అని తర్వాత తెలిసింది. ఆ మూడోది ఎవరో లెక్క చూడండి. కోచ్ ఫీజు 18,000. ఓరెగానో మూడు సీసాలు 5,700. బెర్బెరిన్ 4,800. ప్రోబయోటిక్ 7,500. మొత్తం 36,000 రూపాయలు. అందులో ప్రోబయోటిక్ చల్లటి చోట ఉంచాలని సీసా మీదే రాసుంది. అదేమో ఏప్రిల్ ఎండలో డెలివరీ అబ్బాయి బైకు మీద తిరిగి, మా వాచ్‌మన్ బల్ల మీద మధ్యాహ్నమంతా పడుంది. అందులో ఎన్ని బతికున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి.

ఇప్పుడు అసలు ప్రమాదకరమైన మాట దగ్గరికి వద్దాం. ఫిబ్రవరిలో నాకు సాయంత్రాలు సన్నగా జ్వరం మొదలైంది. 99.5, 100. రాత్రి చెమటలు. కోచ్‌కి మెసేజ్ పెడితే చప్పట్ల బొమ్మలు వచ్చాయి. "సూపర్! ఇది డై-ఆఫ్. చెడ్డ బాక్టీరియా చచ్చిపోతూ విషాలు వదులుతోంది. అంటే ప్రోగ్రాం పనిచేస్తోంది" అంది. మోతాదు పెంచింది.

ఈ డై-ఆఫ్ అనే మాట గాల్లోంచి పుట్టలేదు. నూరేళ్ల పైచిలుకు కిందట యారిష్, హెర్క్స్‌హైమర్ అనే ఇద్దరు వైద్యులు సిఫిలిస్ రోగుల్లో గమనించారు: మందు మొదలుపెట్టిన కొన్ని గంటల్లోనే జ్వరం, వణుకు వచ్చి, రోజు తిరిగేసరికి తగ్గిపోతాయి. అలాంటి కొన్ని జబ్బుల్లో అది నిజమే. అక్కడ జబ్బు ఏమిటో ముందే తెలుసు, జ్వరం ఒక్క రోజులో పోతుంది. నాకు ఆరు వారాలు ఉంది. ఆ మాటని తీసుకొచ్చి పొట్ట నొప్పికీ, నీరసానికీ, జ్వరానికీ అన్నింటికీ అతికించేస్తే ఏమవుతుందో చూడండి. తగ్గితే మందు పనిచేసినట్టు. పెరిగినా మందు పనిచేసినట్టే. ఇంక మీకు బాగాలేదని చెప్పుకోవడానికి మాటే మిగలదు. మన ఒళ్లు మనకి పంపే కబురుని మధ్యలో పట్టుకుని, దాని మీద శుభాకాంక్షలు అని రాసి మనకే ఇస్తున్నారు.

ఏప్రిల్‌లో ఒక రోజు లిఫ్ట్ పనిచేయక మూడంతస్తులు ఎక్కి మెట్ల మీద కూలబడ్డాను. బీటెక్ చదివే మా అమ్మాయి చూసి, "ఇంక చాలమ్మా నీ రీసెట్" అని ఆ సాయంత్రమే లాక్కెళ్లింది. ఈసారి వేరే డాక్టరు, నడివయసు ఆవిడ. పొట్ట నొక్కి చూసింది. "బరువు మీరు తగ్గారా, అదే తగ్గిందా?" అని అడిగింది. ఆరు నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. హిమోగ్లోబిన్ 8.2. కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట పుళ్లు. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. నెలాఖరుకి పేరు తెలిసింది. పేగు క్షయ.

మా వారి మొహం పాలిపోయింది. నిజం చెబితే నవ్వుతారు, నాకు మాత్రం ముందు ఊరటే కలిగింది. నాకున్నదానికి ఒక పేరుంది. పేరుంది కాబట్టి దానికి మందుంది. ఛాతీ ఎక్స్‌రే బాగుంది, ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి నా నుంచి ఇంకొకరికి అంటుకునే భయం లేదని డాక్టరు చెప్పింది. అయినా పనమ్మాయి నా గ్లాసు విడిగా పెట్టబోతే, అత్తయ్య ఆ గ్లాసు తీసుకుని అందులోనే మంచినీళ్లు తాగింది. ఏమీ మాట్లాడలేదు, తాగి బోర్లించింది అంతే.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరు నన్ను గుచ్చి గుచ్చి అడిగింది, "ఏమైనా మూలికలు, పొడులు, నూనెలు వాడుతున్నారా? ఒక్కటీ దాచకండి" అని. క్షయకి ఇచ్చే నాలుగు మందుల్లో మూడు కాలేయానికి కష్టం కలిగించగలవు. దానికి ముందే ఏవేవో వేసుకుని కాలేయం మీద బరువు పెట్టుకుంటే, రేపు కళ్లు పచ్చబడితే ఏ మందు వల్లో ఎలా తేల్చాలి? నేను సంచీ మొత్తం తెచ్చి బల్ల మీద గుమ్మరించాను. అన్నీ ఆపించింది. ప్రోబయోటిక్ కూడా అక్కర్లేదంది.

మూలికలతో కాలేయం ఏమిటి అనకండి. కరోనా రోజుల్లో మనమందరం తిప్పతీగ కషాయం తాగాం కదా. దాని తర్వాత కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలతో మన హైదరాబాద్ ఏఐజీ వైద్యులతో సహా దేశంలో అనేక ఆస్పత్రుల వాళ్లు కలిసి 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లే. ఆయుష్ మంత్రిత్వ శాఖ మాత్రం తిప్పతీగ సురక్షితమే అంది. ఆ వాదులాట వాళ్లు తేల్చుకుంటారు. నాకు అర్థమైంది ఒకటే. పేగులో బాక్టీరియాని చంపేంత శక్తి ఉన్న వస్తువుకి కాలేయాన్ని తాకేంత శక్తి ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. బెర్బెరిన్ కూడా వేరే మందులు శరీరంలో కరిగే తీరుని మార్చగలదు. షుగరు మందు వేసుకునేవాళ్లకి చక్కెర మరీ పడిపోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. నా సీసా మీద ఈ మూడింటిలో ఒక్కటీ పెద్దక్షరాల్లో లేదు.

ఇక్కడిదాకా చదివి, "అందుకే మన పెద్దవాళ్లు చెప్పినట్టు మజ్జిగ తాగితే చాలు" అని కామెంటు పెట్టబోతున్న అక్కలకి రెండు మాటలు. నాకూ మజ్జిగంటే ప్రాణం. అల్లం, ఇంగువ, కరివేపాకు, చిటికెడు వాము వేసిన మజ్జిగ చూస్తే, బతికున్న బాక్టీరియా, దాన్ని అదుపులో పెట్టే ఘాటు రెండూ మన వంటింట్లో ఎప్పుడో కలిశాయని మీరు అనొచ్చు. నిజమే, కలిశాయి. కానీ చిటికెడు వాము వేరు, దాని నూనె తీసి క్యాప్సూల్‌లో కూరడం వేరు. మజ్జిగ ఆహారం, మందు కాదు. ప్రోబయోటిక్ అనే మాటకి ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2011లో నియమాలు రాశాయి. ఏ జాతి, ఏ రకం, గడువు ముగిసేనాటికి ఎన్ని బతికుంటాయి అన్నీ సీసా మీద ఉండాలి. మన తోడుకి ఆ చిట్టా లేదు. లేకపోతే పెరుగు రుచి తగ్గిపోదు, కానీ మా పెరుగు క్షయ తగ్గిస్తుంది అని మాత్రం అనకండి. చద్దన్నంలో రాత్రికి రాత్రి ఇనుము ఎన్నో రెట్లు పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. గిన్నెలో లేని ఇనుము ఎక్కడి నుంచి వస్తుందమ్మా? పులిస్తే ఉన్న ఇనుము ఒంటికి ఇంకాస్త బాగా పట్టొచ్చు, అంతే. 8.2 హిమోగ్లోబిన్‌తో నేను చద్దన్నం తింటూ కూర్చుని ఉంటే ఇది రాయడానికి ఉండేదాన్ని కాదేమో. కోచ్ క్యాప్సూల్ అయినా, అమ్మమ్మ చిట్కా అయినా, జబ్బు పేరు అడగకుండా ఇస్తే రెండూ ఒకటే.

మొదట గుర్తుంచుకోమన్న నలభై అయిదు నిమిషాల సంగతి. డాక్టర్లకీ నాలుగు మాటలు చెప్పాలి. ఆడమనిషి పొట్ట నొప్పి అంటే గ్యాస్, నలభై దాటితే మెనోపాజ్, గట్టిగా అడిగితే టెన్షన్. ఈ మూడు మాటలతో మీరు పంపేసిన ప్రతి ఆడదీ నేరుగా ఎవరో ఒక కోచ్ దగ్గరికి వెళుతుంది. ఆవిడ అమ్మేది ఓరెగానో కాదు, వినడం. మీరు ఊరికే ఇవ్వాల్సినదాన్ని ఆవిడ 18,000కి అమ్ముకుంటోంది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసే ఒక్క నిమిషం నాకు నవంబరులోనే దొరికి ఉంటే ఆ ఆరు నెలలు పోయేవి కావు.

మనమూ తక్కువేం కాదు. మా వారికి ఏటా ఆఫీసు వాళ్లు పూర్తి చెకప్ చేయిస్తారు. భార్యకీ ఉంటుంది ఆ కాగితంలో. నాలుగేళ్లుగా నేను వెళ్లలేదు. పిల్ల పరీక్షలని, అత్తయ్య కళ్ల ఆపరేషన్ అని. నా ఒంటి గురించి నేను మొదటిసారి డబ్బు ఖర్చు పెట్టింది ఆ 36,000. అదీ సన్నబడతానని కూడా ఆశపడే.

క్షయ మందులకి నాకు ఒక్క రూపాయి కాలేదు. సర్కారు దవాఖానాలో ఊరికే ఇచ్చారు. పైగా నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండి కోసం నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో వేశారు. 2024 నవంబరు దాకా అది అయిదువందలేనట. ఆరు నెలలు రోజూ మాత్రలు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దని అక్కడి నర్సమ్మ ముందే చెప్పింది. ఎన్ని రోజులకి ఏమవుతుందో, ఏమైతే వెంటనే రావాలో కూడా చెప్పింది. ఏమైతే పరుగెత్తుకుని రావాలో కూడా చెప్పేదాన్ని వైద్యం అంటారని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు నేను 66 కిలోలు. జాకెట్ల కుట్లు విప్పించుకున్నాను.

మీరు ఏ మాత్రలు వేసుకోవాలో నేను చెప్పను, ఆ అర్హత నాకు లేదు. పరీక్షలన్నీ అయ్యి, ఇది మామూలు పేగు సమస్యే అని తేలాక మీ డాక్టరుకి చెప్పి ఏదైనా వాడి చూసుకుంటే నాకేం పేచీ లేదు. కానీ ఎవరైనా చంపేదీ పెంచేదీ కలిపి మీ చేతిలో పెడితే మూడు అడగండి. నాకున్న జబ్బు పేరేమిటి? ఏ పరీక్షతో తెలిసింది? ఏమైతే ఇది పనిచేయలేదని మీరు ఒప్పుకుంటారు? మూడో ప్రశ్నకి జవాబు లేనివాళ్ల దగ్గర డబ్బు కట్టొద్దు.

ఇవి ఉంటే ఆ ప్రశ్నలకి కూడా ఆగొద్దు: ప్రయత్నించకుండా బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, మలంలో రక్తం లేదా నల్లగా రావడం, నొప్పికి నిద్రలోంచి లేవడం, రక్తం తగ్గడం, నలభై అయిదు దాటాక కొత్తగా మలం తీరు మారడం. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒకరు వినకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడమని నోరు తెరిచి అడగండి, సిగ్గుపడకండి.

ఇంకొక్కటి. మీ పక్క ఫ్లాట్ ఆవిడ ఉన్నట్టుండి సన్నబడితే, "ఎంత బాగున్నారో!" అనేముందు ఒక్కసారి ఆగి, "ఒంట్లో బాగుంటోందా?" అని అడగండి. ఆ ఉగాది రోజు అయిదారుగురిలో ఒక్కరు నన్ను అలా అడిగి ఉంటే, నేను ఏం చెప్పేదాన్నో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.